ఫలితాల రోజు ఐసు ఫ్యాక్టరీలో

మా మరిది తన భార్య మీద చెయ్యి చేసుకోవడం నేను మొదటిసారి చూసింది ఒక గురువారం మధ్యాహ్నం. మూడున్నర దాటింది. నా తోటికోడలు టీ తెచ్చి అతని ముందు పెట్టింది. అతను ఫోన్లోంచి తల ఎత్తి, ఒక్క మాటా అనకుండా, ఆమె చెంప మీద కొట్టాడు. చెయ్యి తగిలి గ్లాసు ఎగిరి గోడకి కొట్టుకుంది. టీ ఆమె మెడ మీద పడింది. ఆ పిల్ల అరవలేదు. కొంగుతో మెడ తుడుచుకుని గాజు ముక్కలు ఏరడానికి కూర్చుంది. సాయంత్రం వాళ్లమ్మ వీడియో కాల్ చేసి బుగ్గ మీద ఆ వాపేంటని అడిగితే, బాత్రూములో జారిపడ్డానని చెప్పింది.

భీమవరంలో మాది ఐసు ఫ్యాక్టరీ. మా మావగారు కట్టారు. కింద ఫ్యాక్టరీ, పైన రెండు వాటాలు. ఒకదాంట్లో మేము, రెండోదాంట్లో మరిది, తోటికోడలు. మా ఆయన చేపల లోడ్ల మీద తిరుగుతుంటారు కాబట్టి ఫ్యాక్టరీ మరిదే చూసుకునేవాడు. నేను ఇంజినీరింగ్ కాలేజీలో లెక్కలు చెబుతాను.

గురువారం అని ఎందుకు గుర్తుందంటే, షేర్ మార్కెట్ సూచీ మీద వారం వారం ముగిసే ఆప్షన్లకి అప్పట్లో అదే ఆఖరి రోజు. మూడున్నరకి మార్కెట్ మూసేసరికి, ఆ వారం కొన్న ఆప్షన్ పనికొచ్చేదైతే డబ్బు, కాకపోతే సున్నా. మా మరిది అప్పట్లో కొనేవాడు. దాదాపు ప్రతి గురువారం సున్నా అయ్యేది. తర్వాత తర్వాత మా ఇంట్లో గురువారం వస్తే తోటికోడలు మూడు గంటలకే పిల్లల్ని తీసుకుని నా వాటాలోకి వచ్చేసేది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి వాళ్లు నా మంచం మీద నిద్రపోతూ ఉండేవాళ్లు. తోటికోడలు మాత్రం తలుపు వైపు చూస్తూ కూర్చునేది.

ఒక ఆదివారం మరిది నా దగ్గరికి వచ్చాడు. చేతిలో పుస్తకం, పెన్ను. "వదినా, ఈ ఆప్షన్ ధర ఎవరు పెడతారండి? నేను కొన్న క్షణం నుంచి ఎందుకు తగ్గిపోతుంది?" అని అడిగాడు. మర్యాదగా అడిగాడు. కొట్టేవాళ్లు మర్యాదగా ఉండరని ఎవరన్నారో గానీ, మా మరిది నాతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగడు.

నేను రొయ్యల లెక్కలో చెప్పాను, ఎందుకంటే ఆ ఇంట్లో అందరికీ తెలిసిన లెక్క అదే. చెరువులో రొయ్య ఉంది, పట్టుబడికి, అంటే వల వేసి పట్టడానికి, ఇంకా నెల ఉంది. రైతుకి ధర పడిపోతుందని భయం. ఒకడు వచ్చి, "నెల తర్వాత ధర ఎంత పడినా, ఇవాళ అనుకున్న ధరకి నీ దగ్గర కొంటాను, ఆ మాటకి నాకు ఇప్పుడే కొంత డబ్బివ్వు" అంటాడు. రైతు ఇస్తాడు. ధర పడకపోతే ఆ డబ్బు మాట ఇచ్చినవాడిది. పడితే వాడు మాట నిలబెట్టుకోవాలి. రైతు కొన్న ఆ హక్కుని పుట్ అంటారు. అతను కట్టిన డబ్బు ప్రీమియం. ధర పెరుగుతుందని కొనే హక్కు తీసుకుంటే అది కాల్. రొయ్య ఉన్నచోట సూచీని పెట్టుకుంటే మార్కెట్లో జరిగేది ఇదే. సరుకు ఉండదు, మాటే ఉంటుంది. సరుకు ధర లోంచి పుట్టిన ధర కాబట్టే వీటిని డెరివేటివ్స్ అంటారు.

ఇక ఆ ప్రీమియం ఎంత ఉండాలి అనేదానికి సూత్రం ఉంది. అది బోర్డు మీద రాయగలను గానీ, అతనికి మాటల్లోనే చెప్పాను. ఇప్పుడు ధర ఎక్కడుంది, మాట ఇచ్చిన ధర ఎక్కడుంది, గడువు ఎంత మిగిలింది, వడ్డీ ఎంత, అన్నిటికంటే ముఖ్యంగా, ఆ ధర ఎంత ఎగిరిపడే రకం. పైకా కిందకా అని కాదు, ఎంత ఎగిరిపడుతుందని. మార్కెట్‌కి భయం పట్టుకున్నప్పుడు ప్రీమియం ఉబ్బుతుంది. ఏమీ జరగకుండా రోజులు గడుస్తుంటే తగ్గిపోతుంది.

"అంటే మన ఐసు దిమ్మలాగ, బయట పెట్టిన దగ్గర్నుంచి కరుగుతూనే ఉంటుందన్నమాట" అన్నాడు.

అవునన్నాను. కరిగిందంతా అమ్మినవాడి జేబులోకి వెళుతుందని చెప్పాను. అందుకే అమ్మేవాడు చాలా వారాలు కొద్దికొద్దిగా గెలుస్తాడని, ఏదో ఒక రోజు గెలిచినదంతా, దాని మీద ఇంకెంతో, ఒక్కసారిగా పోగొట్టుకుంటాడని, కొనేవాడి నష్టానికి హద్దు ఉంది గానీ అమ్మేవాడి నష్టానికి లేదని కూడా చెప్పాను. రెండుసార్లు చెప్పాను. అతను పుస్తకంలో మొదటి సగమే రాసుకున్నాడు.

తర్వాతి వారం నుంచి మా మరిది అమ్మడం మొదలుపెట్టాడు. నిజంగానే గెలిచాడు. ఏడాది పైగా గెలిచాడు. ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో రెండు స్క్రీన్లు పెట్టించాడు, ఏసీ పెట్టించాడు. తోటికోడలికి గాజులు చేయించాడు. గురువారాలు కొట్టడం మానేశాడు. దానికి బదులు పనివాళ్లని కొట్టేవాడు. ఒకసారి ఐసు డబ్బాకి సొట్ట పెట్టాడని ఒకతన్ని తలపట్టి ఉప్పునీళ్ల తొట్టిలో ముంచాడు. నీళ్లు గడ్డకట్టే చలికంటే చల్లగా ఉంటాయి అవి. పైకి లాగేసరికి ఆ మనిషి కనురెప్పలు తెల్లబడి ఉన్నాయి. అదేమని మా ఆయన అడిగితే, చనువిస్తే నెత్తికెక్కుతారన్నాడు.

ఆ గెలుపులు చూసి ఊళ్లో కొందరు అతని చేతిలో డబ్బు పెట్టారు. మా అన్నయ్య ఇందులోకి వచ్చిందీ అలాగే. మా పుట్టిల్లు భీమవరం పక్కనే, కాళ్ల అనే ఊళ్లో. నాన్న పోయాక ఉన్న రెండు రొయ్యల చెరువులూ అన్నయ్య చూసుకునేవాడు. ఆ ఏడు రొయ్యకి తెల్లమచ్చ తెగులు రాలేదు, ధరా నిలబడింది, పట్టుబడి బాగా వచ్చింది. ఆ డబ్బంతా మా మరిది చేతిలో పెట్టాడని వదిన నాకు ఫోన్ చేసి చెప్పింది. పైగా ఒక చెరువు తాకట్టు పెట్టి మరికొంత తెచ్చాడట. అమ్మేవాడు ఎక్స్ఛేంజీలో డిపాజిట్ పెట్టాలి, దాన్ని మార్జిన్ అంటారు. డిపాజిట్ ఎంత పెద్దదైతే అంత ఎక్కువ అమ్మవచ్చు. మా మరిదికి కావలసింది అదే.

నేను ఆ ఆదివారమే కాళ్ల వెళ్లాను. అన్నయ్య భోజనం చేస్తున్నాడు. ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోమని చెప్పాను. వాడు అమ్మేది ఏంటో, ఆ మాట వెనక ఎంత ప్రమాదం ఉందో నాకు వచ్చినట్టు చెప్పాను. అన్నయ్య తింటూ విన్నాడు. చివరికి, "వాడు నీ మరిది. నీ ఇంట్లో మనిషే బాగుపడుతుంటే నోరు మూసుకున్నావు. పుట్టింటికి నాలుగు మెతుకులు వచ్చేసరికి లెక్కలు గుర్తొచ్చాయా?" అన్నాడు. నేను మళ్లీ ఏదో అనబోయాను. కంచం ఎత్తి నా మీదికి విసిరాడు. నా చెవి పక్క నుంచి వెళ్లి తలుపుకి తగిలింది. అన్నం మెతుకులు నా జుట్టులో పడ్డాయి. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. మా నాన్న కూడా అలాగే విసిరేవారు. ఆ ఇంట్లో అది కొత్త కాదు.

ఎన్నికల ఫలితాలు వచ్చే వారం అది. దేశానికీ రాష్ట్రానికీ ఒకేసారి. ఫలితం ఎటు వస్తుందో తెలియని వారంలో ప్రీమియాలు బాగా ఉబ్బి ఉన్నాయి. శనివారం సాయంత్రం టీవీల్లో ఎవరు గెలుస్తారో అంచనాలు వచ్చాయి. సోమవారం మార్కెట్ ఎగిరింది. మా మరిది అంతకు ముందే అమ్మిన పుట్‌ల ధర పడిపోయింది. అక్కడితో తిరిగి కొనేసి ఉంటే లాభంతో బయటపడేవాడు. అతను ఇంకా అమ్మాడు. మెట్ల మీద ఎదురైతే, "ఫలితం తేలిపోయింది వదినా. ఇంకా భయపడి పుట్‌లు కొంటున్న పిచ్చివాళ్లు ఉన్నారు. ఆ డబ్బు ఊరికే పడి ఉంది" అన్నాడు. ఊరికే ఎవరూ ఇవ్వరు, భయపడినవాడు తన భయాన్ని నీకు అమ్ముతున్నాడు, దాన్ని మోయాల్సింది నువ్వే అన్నాను. నవ్వి దిగి వెళ్లిపోయాడు.

మంగళవారం పొద్దున్నే ఊరంతా రోడ్ల మీద ఉంది. డప్పులు, డీజే బళ్లు, రంగులు. లెక్కింపు రౌండు రౌండుకీ టపాకాయలు. మా ఆయన నరసాపురంలో ఉన్నారు. పనివాళ్లలో చాలామంది ఊరేగింపు చూడటానికి వెళ్లారు. కింద మిషన్లు మాత్రం నడుస్తున్నాయి, ఎందుకంటే చెరువుల పట్టుబడులు ఎన్నికల కోసం ఆగవు.

నేను టీవీ ముందు ఉన్నాను. రాష్ట్రం సంగతి తేలిపోయింది గానీ ఢిల్లీ లెక్క శనివారం చెప్పినట్టు లేదు. మార్కెట్ కూలడం మొదలైంది. కింద ఆఫీసు గదిలోంచి ఏదో పగిలిన శబ్దం వచ్చింది. తోటికోడలు నా తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. "వెళ్లకండి అక్కా" అంది. నేను వెళ్లాను.

ఒక స్క్రీను మధ్యలో గుద్ది ఉంది. మరిది కుడి చెయ్యి మణికట్టు దాకా రక్తం. రెండో స్క్రీన్ మీద అతను అమ్మిన పుట్‌ల ధర నేను చూస్తుండగానే పెరుగుతోంది. అమ్మినదాన్ని వదిలించుకోవాలంటే అదే ధరకి తిరిగి కొనాలి. సూచీ పడినందుకు ఒకసారి, అందరికీ భయం పట్టినందుకు ఇంకోసారి, రెండు రకాలుగా పెరుగుతోంది. బ్రోకరు ఆఫీసు నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. మార్జిన్ చాలదు, ఇంకా వెయ్యండి, లేకపోతే మేమే కోసేస్తాం అంటున్నారు. వెయ్యడానికి ఏమీ లేదు. కాసేపటికి వాళ్లే కోసేశారు. అంటే, అతని తరఫున వాళ్లే తిరిగి కొనేశారు, ఆ రోజు దొరికిన అన్నిటికంటే ఘోరమైన ధరల దగ్గర. స్క్రీన్ మీద అంకెలు కదలడం ఆగిపోయింది. మా మరిది గోడకేసి తల కొట్టుకోవడం మొదలుపెట్టాడు.

అన్నయ్య వచ్చింది అప్పుడు. దారిలో ఎవరో జల్లారు గావును, మొహం నిండా రంగు. కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. మార్కెట్ కూలిన వార్త విన్నట్టున్నాడు, నేరుగా ఆఫీసు గదిలోకి వచ్చాడు. మరిది జుట్టు పట్టుకుని ఫ్యాక్టరీలోకి ఈడ్చుకెళ్లాడు. నేల అంతా తడి. ఇద్దరూ పడ్డారు. ముందు అన్నయ్య లేచాడు. ఐసు దిమ్మల్ని లాగే ఇనుప కొక్కెం గోడకి ఆనించి ఉంటే అందుకున్నాడు. దాని కాడతో కొట్టాడు. భుజం మీద, వీపు మీద, అడ్డం పెట్టిన చేతి మీద. చెయ్యి విరిగిన శబ్దం నాకు మిషన్ల హోరులో కూడా వినిపించింది. బయట టపాకాయల లడి పేలుతోంది. నేను అరిచింది నాకే వినిపించలేదు.

క్రషర్ తిరుగుతూ ఉంది. దిమ్మ వేస్తే ముళ్ల డ్రమ్ము పొడి చేసి వదులుతుంది. అన్నయ్య కొక్కెం ఒక చేత్తో పట్టుకునే, రెండో చేత్తో మరిది విరిగిన చెయ్యి పట్టి అటు లాగుతున్నాడు. "ఏ చేత్తో అమ్మావు? ఈ చేత్తోనేనా?" అంటున్నాడు. మరిది కాళ్లు తడి నేల మీద జారిపోతున్నాయి. నేను గోడ దగ్గరికి పరుగెత్తి కరెంటు మెయిన్ హ్యాండిల్ కిందకి లాగాను.

అన్నీ ఆగాయి. అన్నయ్య వెనక్కి తిరిగి, ఎవరు ఆపారో చూడకుండానే కొక్కెం విసురుగా తిప్పాడు. దాని మొన నా ఎడమ ముంజేతిలో దిగి, మోచేతి దాకా చీల్చింది. నొప్పి వెంటనే తెలియలేదు. పొడి ఐసు మీద ఎర్రగా పడటం మాత్రం చూశాను. నన్ను చూశాక అన్నయ్య కొక్కెం వదిలేశాడు.

నేను బోర్లించిన ఐసు డబ్బా మీద కూర్చుని చున్నీతో చెయ్యి కట్టుకున్నాను. అన్నయ్య నా ముందు నిలబడ్డాడు, రొప్పుతూ.

"నా డబ్బు ఎక్కడికి పోయింది? వీడు తినేశాడా?"

"తినలేదు."

"మరి ఎవడి దగ్గరుంది?"

చెప్పాను. వీడు ఎవరికి మాట అమ్మాడో వాళ్ల దగ్గర ఉంది అన్నాను. ముంబైలోనో ఇంకెక్కడో ఒకడు తన షేర్లు పడిపోతాయని భయపడి వీడి దగ్గర పుట్ కొనుక్కున్నాడు, ఇవాళ పడ్డాయి, ఎక్స్ఛేంజీ నీ డిపాజిట్ తీసి అతనికి ఇచ్చింది. అతను దొంగ కాదు. అతనికి షేర్లలో పోయింది, ఇక్కడ వచ్చింది. ఒక్కోసారి అలాంటివాడు కూడా కాదు, వీడిలాంటి ఇంకొకడే.

"అతనికి నా చెరువు సంగతి తెలుసా?"

"నీ పేరు కూడా తెలియదు అన్నయ్యా. అతని పేరు మనకీ తెలియదు. ఎప్పటికీ తెలియదు."

అన్నయ్యకి కొట్టడానికి ఒక మనిషి కావాలి కదా. ఆ మనిషి ఎక్కడా లేడని నేను చెబుతున్నాను. ఆ క్షణంలో నా రక్తం చూసి తగ్గుతాడనుకున్నాను. తగ్గలేదు. కింద పడి ఉన్న మరిది దగ్గరికి వెళ్లి, డొక్కలో కాలితో తన్నాడు. మళ్లీ తన్నాడు. మెట్ల మీద నుంచి నా తోటికోడలు చూస్తూ నిలబడింది. దిగి రాలేదు, ఆపమని అనలేదు. ఆమె మొహం ఎలా ఉందో నాకు ఇప్పటికీ మాటల్లో పెట్టడం రాదు.

ఊరేగింపుల మధ్యలోంచి ఆటో ఆసుపత్రికి చేరేసరికి మరిదికి ఊపిరి సరిగ్గా అందడం లేదు. రెండు పక్కటెముకలు విరిగాయి, మణికట్టు నుజ్జయింది. నా చేతికి కుట్లు వేస్తున్న డాక్టరు గారు ఇద్దరినీ చూసి, ఏం జరిగిందని అడిగారు. స్ట్రెచర్ మీద నుంచి మరిది, "ఫ్యాక్టరీలో జారిపడ్డానండి" అన్నాడు.

ఆ మాట వినగానే నేను తోటికోడలి వైపు చూశాను. ఆ పిల్ల తల దించుకుంది. ఇన్నేళ్లూ తన ఒంటి మీది ప్రతి దెబ్బకీ ఆమె చెప్పిన కారణం అదే. అన్నయ్య బయట వరండాలో ఉన్నాడు, పారిపోకుండా. ఇంటి పరువు, పుట్టింటి పరువు రెండూ ఆ ఒక్క అబద్ధంతో దక్కేవి. "జారిపడలేదండి. మా అన్నయ్య కొట్టాడు. నన్ను కూడా అతనే" అన్నాను.

పోలీసులు వచ్చి అన్నయ్యని తీసుకెళ్లారు. వెళుతూ నా వైపు చూడలేదు. అమ్మ ఫోన్ చేసి, నా కడుపున పుట్టావా నువ్వు అని అడిగి పెట్టేసింది. నేను స్టేషన్లో అన్నీ చెప్పాను. అన్నయ్య కొట్టిన సంగతీ చెప్పాను, మరిది ఎవరెవరి దగ్గర డబ్బు తీసుకున్నాడో ఆ సంగతీ చెప్పాను. దాంతో రెండిళ్లకీ చెడ్డదాన్నయ్యాను. మా ఆయన కొన్నాళ్లు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. తర్వాత ఒక రోజు తనే నా చేతి కట్టు విప్పి మందు రాశారు.

అన్నయ్య బెయిలు మీద వచ్చాక కేసు కొన్ని నెలలు నడిచి, చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఫ్యాక్టరీలో మరిది వాటా అమ్మి, ఇవ్వాల్సిన వాళ్లకి ఇవ్వగలిగినంత ఇచ్చారు. అన్నయ్యకి తాకట్టు చెరువు దక్కలేదు. రాజీ అయిన రోజు కోర్టు మెట్ల దగ్గర అందరం నిలబడి ఉండగా మరిది ఎడమ చేత్తో ఫోన్ చూసుకుంటున్నాడు. నేను చూడటం గమనించి, "ఇప్పుడు కొనడమే వదినా, అమ్మడం లేదు. కొంటే నష్టానికి హద్దు ఉంటుందని మీరే చెప్పారుగా" అన్నాడు.

తోటికోడలు అది విన్నది. ఫోన్ లాక్కుని నేలకేసి కొట్టింది. అలవాటు కొద్దీ అతను చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి దిగకముందే ఆమె కొట్టింది. మళ్లీ కొట్టింది. లాయర్లు, బంట్రోతులు, మా అన్నయ్య, అందరూ చూస్తుండగా కొట్టింది. ఎవరూ అడ్డు రాలేదు. ఆ సాయంత్రమే పిల్లల్ని తీసుకుని నిడదవోలులో పుట్టింటికి వెళ్లిపోయింది. అక్కడ బట్టల షాపులో పని చేస్తోంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. వెనక్కి రమ్మని నేను అనను, వస్తానని ఆమె అనదు. మరిది మాత్రం భీమవరంలోనే ఒక గది తీసుకుని ఉంటున్నాడు. ఏం చేస్తున్నాడో అడగడం మా ఆయన మానేశారు.

అన్నయ్య ఏడాది దాకా నాతో మాట్లాడలేదు. మిగిలిన ఒక్క చెరువులోనే పంట వేశాడు. అమెరికా సుంకం పెంచిందన్న వార్త వచ్చిన వారం రొయ్య ధర విరిగింది. ముందే ధర ఒప్పుకున్న వ్యాపారి మాట తప్పాడని, బండి పంపలేదని వదిన చెప్పింది. గట్టు మీద కొట్లాట అవుతుందని ఆమె భయం. అవలేదు. అన్నయ్యే నాకు ఫోన్ చేశాడు. బావున్నావా అని అడగలేదు.

"ఆ రోజు చెప్పావే, పడిపోతుందని భయపడినవాడు కొనుక్కునేది. అలాంటిది రొయ్యకి ఉందా?"

మన దగ్గర లేదన్నాను. వేరే పంటలకి, బంగారానికి ఉన్నాయి, రొయ్యకి ఎవరూ పెట్టలేదని చెప్పాను.

"ఉంటే నేను కొనేవాణ్ణా, అమ్మేవాణ్ణా?"

"కొనేవాడివి. పుట్ కొనేవాడివి."

అటు వైపు చెరువు నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు తిరుగుతున్న శబ్దం వినిపిస్తోంది. కరెంటు లో-వోల్టేజీలో ఉంది, మోటారు కాలిపోయేలా ఉంది, చూసుకోవాలి అని ఫోన్ పెట్టేశాడు.